సర్ థామస్ మన్రో

డోన్ పట్టణమునకు పడమటి దిక్కున పత్తికొండ యను ఊరు కలదు. ఆ ఊరును, గుత్తి, ఆదోని, కోవెలకుంట్ల మొదలగు ప్రాంతములును ఒకప్పుడు నిజాము నవాబు ఏలుబడిలో నుండెను. 1800వ సంవత్సరమున నిజాము ఈ సీమలను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. అందుచే వీటికి దత్తమండలములని పేరు వచ్చెను. 1928లో నంద్యాలలో జరిగిన సభలో ఆ పేరును మాన్పి రాయలసీమ యని పిలుచుట ఆరంభించిరి. దత్తమండలములకు మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. అతడు పరదేశీయుడు; పన్నులు వసూలు చేయుటకు వచ్చిన అధికారి. అయినను ఈ సీమ ప్రజలు కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప, మన్రోలయ్య యని పేర్లు పెట్టుకొనిరి. అతడు ఈ ప్రజలకు చేసిన మేలెట్టిదో, చేయలేకపోయిన మేలెట్టిదో తెలిసికొనుట అవసరము.

మన్రో 1761వ సంవత్సరము మే నెల 27వ తేదీన స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరమందు జన్మించెను. తండ్రి అలెగ్జాండరు మన్రో వర్తకుడు. అమెరికాలోని వర్జీనియా నుండి పొగాకు తెప్పించి అమ్ముచు ఆయన ధనము గడించెను. థామసు గ్లాస్గో విశ్వవిద్యాలయమున చదివెను. ఇంతలో అమెరికా ప్రజలు ఇంగ్లండుపై తిరుగబడి స్వాతంత్ర్య సమరము సాగించిరి. పొగాకు వ్యాపారము కూలిపోయెను. దానితో మన్రో కుటుంబము ఐశ్వర్యము నుండి దారిద్ర్యమునకు జారెను. కలిమి యెంత చంచలమో, లేమి యెంత కఠినమో ఆ బాలునకు చిన్నతనముననే తెలిసివచ్చెను.

బ్రదుకు తెరువు వెదకుకొనుచు అతడు ఈస్టిండియా కంపెనీ సేనలో చేరి, 1780వ సంవత్సరము జనవరిలో చెన్నపట్టణమున ఓడ దిగెను. అప్పుడతనికి పందొమ్మిదవ యేడు నడచుచుండెను. ఆ సంవత్సరమే హైదరాలీతో యుద్ధము ఆరంభమయ్యెను. మన్రో ఆ యుద్ధమందును, పిమ్మట టిప్పూ సుల్తానుతో జరిగిన యుద్ధమందును పాల్గొనెను. చిన్న అధికారులకు వచ్చు జీతము స్వల్పము. అతడు మిక్కిలి పొదుపుగా జీవించి, సోదరునితో కలిసి స్వదేశమున నున్న తలిదండ్రులకు ధనసహాయము చేయుచుండెను. తీరిక వేళలందు పారసీక, హిందుస్తానీ భాషలను శ్రద్ధతో అభ్యసించెను.

1792లో టిప్పూ సుల్తాను సేలము ప్రాంతమునందలి బారామహలు సీమను కంపెనీకి వదలుకొనెను. దాని పాలనకై నియమింపబడిన కెప్టెను అలెగ్జాండరు రీడునకు మన్రో సహాయకుడయ్యెను. ఏడు సంవత్సరములు అతడచట గ్రామగ్రామము తిరిగి, పొలము గట్లపై నడచి, రైతులతో స్వయముగా మాటలాడెను. పంట యెంత, ఖర్చెంత, శిస్తెంత, రైతుకు మిగులునదెంత యను లెక్కలు అతనికి అచ్చటనే తెలిసెను. తరువాత కొంతకాలము కన్నడ సముద్రతీర సీమను పాలించి, 1800 చివర దత్తమండలములకు వచ్చెను.

ఆనాటి దత్తమండలముల స్థితి దయనీయముగా నుండెను. విజయనగర సామ్రాజ్యము పతనమైన పిదప ఈ సీమ అనేక ప్రభువుల చేతులు మారెను. ఎనుబదిమంది వరకు పాలెగాండ్రు కోటలు కట్టుకొని, సాయుధులైన బంట్లను పోషించుచు, తమ తమ పాలెములందు రాజులవలె చెలామణి అగుచుండిరి. వారిలో ఊరికి అండగా నిలిచినవారును గలరు. ఊళ్లను దోచినవారును గలరు. నిజాము అధికారులొక వంక, పాలెగాండ్రొక వంక, గ్రామ పెద్దలు వేరొక వంక రైతునుండి ధాన్యమును, ధనమును లాగుకొనుచుండిరి. దున్నెడివాడొకడు, తినెడివారు పలువురు. పంట పండిన యేడును, ఎండిన యేడును రైతు గాదె ఒక్క తీరుగనే ఉండెడిది.

మన్రో మొదట పాలెగాండ్రను అణచెను. బంట్లను విడిచి, శిస్తు చెల్లించుటకు ఒప్పుకొన్నవారిని ఉండనిచ్చెను. ఎదురు తిరిగినవారిని సేనాబలముతో జయించి కోటలు స్వాధీనపరచుకొనెను. పెక్కుమందికి భూములు పోయి భరణములు మాత్రము మిగిలెను. అతడు వారిపట్ల మితిమీరిన కాఠిన్యము చూపెనని లండనులోని కంపెనీ డైరెక్టర్లే ఆక్షేపించిరి. రైతుకును ప్రభుత్వమునకును నడుమ బలవంతుడైన మధ్యవర్తి ఉన్నంతకాలము రైతు బాగుపడడని మన్రో నమ్మకము.

అయితే రైతులందరును క్రొత్త ప్రభుత్వమును సంతోషముతో స్వాగతించిరని అనుకొనరాదు. పత్తికొండ సీమలోని తెర్నెకల్లు గ్రామస్థులు 1801లో శిస్తు భారమునకు తాళలేక తిరుగబడిరి. వారు మట్టికోటలో నిలిచి కంపెనీ సేనను ఎదిరించిరి. తుదకు సేనలు ఆ కోటను పట్టుకొని తిరుగుబాటు నాయకులను కఠినముగా శిక్షించెను. రైతు పక్షపాతియని పేరొందిన కలెక్టరు పాలన ప్రారంభమందే రైతు నెత్తురు చిందినదని ఆ గ్రామ చరిత్ర తెలుపుచున్నది.

1802లో మన్రో భూముల కొలత ఆరంభించెను. గొలుసుతో ప్రతి పొలమును కొలిచిరి. ఆ గొలుసు పొడవు 33 అడుగులు. దాని చదరము ఒక గుంట. 40 గుంటలు ఒక ఎకరము. కొలతగాండ్రు పొలము వైశాల్యమును వ్రాయగా, వేరొక జట్టువారు నేల రేగడియో, ఎఱ్ఱనేలయో, మెట్టయో, మాగాణియో నిర్ణయించి శిస్తు రేటు కట్టిరి. కరణములు, రెడ్లు చూపిన లెక్కలను నమ్మక, వారు మరల మరల తనిఖీ చేసిరి. నలుగురు సహాయక కలెక్టర్లును, వందలకొలది గోమస్తాలును ఈ పనిలో పాల్గొనిరి. మన్రో తాను కచేరిలో కూర్చుండక, గుడారములందు నివసించుచు ఊరూరను తిరిగెను. రైతులు ఎట్టి సిఫారసు లేక అతని గుడారమునకు వచ్చి తమ మొర చెప్పుకొనెడివారు. కొలత, వర్గీకరణము ముగియుటకు కొన్ని సంవత్సరములు పట్టెను.

ఈ కొలతను ఆధారముగా గొని ఏర్పడిన పద్ధతికి రైత్వారీ యని పేరు. అదే కాలమున ఉత్తర సర్కారులందు ప్రభుత్వము జమీందారీ పద్ధతిని స్థిరపరచెను. అచట జమీందారు ప్రభుత్వమునకు నిర్ణీతమైన పేష్కషు కట్టి, రైతులనుండి తనకు తోచినంత రాబట్టుకొనవచ్చును. రైత్వారీలో జమీందారు లేడు. ప్రభుత్వము ప్రతి రైతునకు వేరువేరుగా పట్టా ఇచ్చును. పొలము పేరు, విస్తీర్ణము, కట్టవలసిన శిస్తు ఆ పట్టాలో వ్రాసియుండును. శిస్తు కట్టినంతకాలము ఆ నేల రైతుదే. తనకెంత భూమి కలదో, దానిపై తానెంత కట్టవలెనో రైతు స్పష్టముగా తెలిసికొనగలిగెను. ఇది చిన్న మార్పు కాదు. లెక్క తెలియనివానిని మోసగించుట సులభము. లెక్క చేతిలో ఉన్నవాడు నిలదీసి అడుగగలడు.

కాని లెక్క తెలిసినంత మాత్రమున భారము తగ్గదు. మన్రో నిర్ణయించిన శిస్తు పంటలో నూటికి నలుబదియైదు వంతులని అంచనా. నూరు తూముల జొన్న పండిన రైతు నలుబదియైదు తూముల విలువను ప్రభుత్వమునకు చెల్లింపవలెను. మిగిలిన ఏబదియైదింట విత్తనములు, ఎద్దుల మేపు, కూలి, అప్పుల వడ్డీ పోగా ఇంటిల్లిపాది సంవత్సరమంతయు బ్రదుకవలెను. పైగా శిస్తు ధాన్యరూపమున గాక రొక్కరూపమున కట్టవలెను. ధర పడిపోయినప్పుడు రైతు మరింత ధాన్యము అమ్ముకొనవలసి వచ్చెను. ఏడు సంవత్సరములలో దత్తమండలముల నుండి కంపెనీకి వచ్చు ఆదాయము సుమారు సగము పెరిగెను. ఆ పెరుగుదలకు శాంతిభద్రతలు నెలకొనుట, బీడులు సాగులోనికి వచ్చుట కొంత కారణము. రైతు చెమట మిగిలిన కారణము.

మన్రోకు ఈ సంగతి తెలియకపోలేదు. 1807లో అతడు ప్రభుత్వమునకొక నివేదిక పంపెను. శిస్తులో నాల్గవ వంతు తగ్గింపవలెననియు, ప్రభుత్వ భాగము పంటలో మూడవ వంతునకు మించరాదనియు అందు కోరెను. శిస్తు కట్టిన పిదప కొంత మిగులు రైతు చేతిలో నుండిననే భూమికి విలువ వచ్చును. అట్టి భూమినే రైతు తన సొత్తుగా భావించి బావి త్రవ్వించును, గట్టు వేయించును, చెట్టు నాటించును. ఇది అతని వాదము. కంపెనీకి అప్పుడు యుద్ధముల ఖర్చులు హెచ్చుగా నుండెను. పై యధికారులు తగ్గింపునకు అంగీకరింపలేదు. మన్రో ఆ సంవత్సరమే సెలవుపై స్వదేశమునకు వెడలెను. అతడు వెళ్లిన పిదప ప్రభుత్వము రైత్వారీని మాని గ్రామములను గుత్తకిచ్చెను. అధికమైన గుత్త చెల్లింపలేక గుత్తదారులనేకులు దివాలా తీసిరి. రైతులు మరల నలిగిపోయిరి.

ఇంగ్లండులో నున్న కాలమున మన్రో పార్లమెంటు ఎదుట హిందూదేశ పరిస్థితులను గూర్చి సాక్ష్యమిచ్చెను. 1814లో జేను క్యాంబెలను వివాహమాడి, న్యాయవ్యవస్థను సంస్కరించు సంఘమునకు అధ్యక్షుడై చెన్నపట్టణమునకు తిరిగివచ్చెను. అప్పటి న్యాయస్థానములు దూరముగా నుండెను. వ్యాజ్యము నడుపుట ధనవంతునకే సాధ్యమయ్యెడిది. 1816లో చేసిన శాసనముల వలన గ్రామ మునసబులకును, పంచాయతులకును చిన్న వివాదములు తీర్చు అధికారము కలిగెను. జిల్లా మునసబు పదవులందు దేశీయులు నియమింపబడిరి. తగవు తీర్పు బీదవాని గుమ్మము దగ్గరకు రావలెనని ఈ సంస్కరణముల ఆశయము.

1820లో మన్రో చెన్నరాజధానికి గవర్నరయ్యెను. పదమూడేండ్ల క్రిందట తాను కోరి సాధింపలేకపోయిన దానిని ఇప్పుడు సాధించెను. దత్తమండలములలో మెట్ట, మాగాణి భూముల శిస్తులో నాల్గవ వంతును, తోట భూముల శిస్తులో మూడవ వంతును తగ్గించెను. రైత్వారీ పద్ధతి మరల అమలులోనికి వచ్చెను. రైతులు ఈ సీమలో మన్రో పేరు తలచుకొనుటకు ఈ తగ్గింపు ముఖ్య కారణము.

1822లో అతడు రాజధానియందలి పాఠశాలల లెక్క తీయించెను. ఏ జిల్లాలో ఎన్ని బడులు కలవు, ఏయే కులముల పిల్లలు, ఎందరు బాలికలు చదువుచున్నారు అను వివరములు కలెక్టర్లు పంపవలసి యుండెను. రాజధాని యంతటను 12,498 పాఠశాలలున్నట్లు తేలెను. పత్తికొండ ప్రాంతము నాడు బళ్లారి జిల్లాలో నుండెను. ఆ జిల్లా కలెక్టరు ఏ. డి. క్యాంబెలు తెలుగు వ్యాకరణము రచించిన పండితుడు. అతడు 1823లో పంపిన నివేదిక కన్నులు తెరపించునట్టిది. 9,27,857 మంది జనాభాగల ఆ జిల్లాలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు మాత్రమే ఉండిరి. వేయిమందిలో సుమారు ఏడుగురు మాత్రమే బడికి పోవుచుండిరి. బాలికలు మొత్తము 60 మంది.

దీనికి కారణము పేదరికమని క్యాంబెలు నిస్సంకోచముగా వ్రాసెను. సీమ నుండి వచ్చు బట్టల వలన చేనేతవారి బ్రదుకు దెబ్బతిన్నదనియు, పూర్వపు ప్రభువులు దేశముననే ఖర్చుపెట్టిన ధనమును ఇప్పుడు ఐరోపీయులు దేశము దాటించుచున్నారనియు, తలిదండ్రులు చిన్నబిడ్డలను కూడ పనిలో పెట్టుకొనక తప్పని స్థితి వచ్చినదనియు అతడు తెలిపెను. కంపెనీ ఉద్యోగియే కంపెనీ పాలన వలన కలిగిన లేమిని ఇట్లు నిరూపించెను. మన్రో 1826లో ప్రతి జిల్లాలోను పెద్ద పాఠశాలలను, ప్రతి తాలూకాలోను ఒక చిన్న పాఠశాలను ప్రభుత్వ వ్యయముతో నెలకొల్పు ప్రణాళిక సిద్ధము చేసెను. కాని అతని మరణానంతరము కొన్ని యేండ్లకే ఆ పాఠశాలలు మూతపడెను.

భూమి శిస్తుతో పాటు మన్రో ఆలోచించిన మరియొక సంగతి కలదు. అది ఉద్యోగముల పంపకము. కంపెనీ పాలనలో గొప్ప జీతములుగల పదవులన్నియు ఐరోపీయులవే. అదే కచేరిలో దేశభాషలు, భూమి లెక్కలు, ప్రజల ఆచారములు తెలిసిన దేశీయుడెంత సమర్థుడైనను స్వల్ప జీతము గల చిన్న పదవితో తృప్తిపడవలెను. జన్మమును, శరీరవర్ణమును బట్టి ఈ హద్దు ఏర్పడెను. 1824 డిసెంబరు 31వ తేదీన వ్రాసిన దీర్ఘమైన నివేదికలో మన్రో ఈ పద్ధతిని ఖండించెను. ఒక జాతిని అధికారమునుండి, గౌరవమునుండి దూరముగా నుంచినచో ఆ జాతి గుణము దిగజారును. అట్లు దిగజార్చి, వారు అయోగ్యులని నిందించుట న్యాయము కాదు. నమ్మకము చూపి, తగిన జీతమిచ్చినచో దేశీయులు ఏ పదవినైనను నిర్వహింపగలరు. ఇది అతని వాద సారాంశము. ఎప్పటికైనను ఈ దేశీయులు తమ్ము తామే పాలించుకొనగల స్థితికి రావలెననియు అతడు తలచెను.

అయినను అతడు తన కాలపు హద్దులను పూర్తిగా దాటలేదు. దేశమున స్వేచ్ఛగా పత్రికలు నడచుటను 1822లో అతడే వ్యతిరేకించెను. పాలితులకు వాక్స్వాతంత్ర్యము కలిగిన పరరాజ్యము నిలువదని అతని భయము. అతని రైత్వారీ పద్ధతి పట్టా గలవానిని మాత్రమే గుర్తించెను. ఎద్దులు, నాగలి, విత్తనములు లేనివానికి పట్టా దక్కుట దుర్లభము. తరతరములుగా పరుల పొలములలో పాటుపడిన మాల మాదిగలు మొదలగువారు పాలెగాండ్ర కాలమున కూలివారు. రైత్వారీ కాలమునను కూలివారే. పొలమును కొలిచిన గొలుసు వారి కష్టమును కొలువలేదు.

మన్రో పదవి విరమించి స్వదేశమునకు పోగోరెను. కాని బర్మా యుద్ధము కారణముగా మరికొంతకాలము ఆగవలసివచ్చెను. 1827లో ప్రయాణమునకు ముందు తాను యౌవనమున పాలించిన దత్తమండలములను కడసారి చూడదలచి బయలుదేరెను. అప్పుడు ఆ ప్రాంతములందు కలరా వ్యాపించియుండెను. అతని పరివారములో కొందరు దానికి బలియైరి. గుత్తి మీదుగా పత్తికొండ చేరిన మన్రోకును ఆ జాడ్యము సోకెను. జులై 6వ తేదీ సాయంకాలమున అతడు మరణించెను. అతని దేహమును గుత్తిలో సమాధి చేసిరి. 1831లో అవశేషములను చెన్నపట్టణమునకు కొనిపోయి కోటలోని సెయింటు మేరీ చర్చిలో నుంచిరి. అతని జ్ఞాపకార్థము పత్తికొండలో బావి త్రవ్వించి తోట నాటించిరి. గుత్తిలో సత్రము కట్టించిరి. గుఱ్ఱముపై కూర్చున్న అతని కంచు విగ్రహము చెన్నపట్టణమున నేటికిని కలదు.

ప్రజలు అతని మృతిని గూర్చి ఒక కథ చెప్పుకొందురు. కడప సీమలో పాపఘ్ని నది కొండలను చీల్చుకొనిపోవు గండి యొద్ద అతనికి ఆకాశమున బంగారు తోరణము కనబడెనట. మరణము సమీపించిన పుణ్యాత్ములకే అది కనబడునని పెద్దల నమ్మిక. కథ నిజమైనను కాకున్నను, పరదేశీయుడైన అధికారిని పుణ్యాత్ముల పంక్తిలో చేర్చుట ప్రజల కృతజ్ఞతకు గుర్తు.

అతడు పోయిన తరువాతి చరిత్ర కూడ తెలియవలసినదే. భూములు పోగొట్టుకొని భరణములపై బ్రదుకుచున్న పాలెగాండ్ర వంశములలో అసంతృప్తి రగులుచుండెను. ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల ప్రాంతమునకు చెందిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరుగుబాటు చేసి కోవెలకుంట్ల ఖజానాపై దాడి సలిపెను. భూములు కోల్పోయిన ఇనాముదారులును, సామాన్య ప్రజలును అతనితో కలిసిరి. 1847 ఫిబ్రవరి 22వ తేదీన ప్రభుత్వము అతనిని కోవెలకుంట్లలో ఉరితీసెను. 1876 నుండి 1878 వరకు వచ్చిన ఘోరమైన క్షామమున కర్నూలు, బళ్లారి జిల్లాలలో అసంఖ్యాకులు ఆకలితో మరణించిరి. పట్టా ఉన్నను ధాన్యము లేని రైతును, పట్టాయే లేని కూలివానిని క్షామము ఒక్కటిగా చూచెను. అయితే ముందుగా పడిపోయినది కూలివాడే.

1833లో బ్రిటిషు పార్లమెంటు, మతము, జన్మస్థానము, వంశము, వర్ణము కారణముగా ఏ భారతీయునికిని కంపెనీ ఉద్యోగము నిరాకరింపరాదని శాసించెను. కాని ఉన్నతోద్యోగములకు పోటీ పరీక్షలు వచ్చినది 1853 శాసనము తరువాతనే. ఆ పరీక్షలో నెగ్గి సివిలు సర్వీసున చేరిన మొదటి భారతీయుడు 1863లో సత్యేంద్రనాథ ఠాకూరు. మన్రో నివేదిక వ్రాసిన నాటినుండి అప్పటికి సుమారు నలుబదేండ్లు గడచెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదపనే పాలకుడు, పాలితుడను జాతిభేదము తొలగెను.

ధనికునకు, దరిద్రునకు నడుమ గల అంతరము దైవము వ్రాసిన వ్రాత కాదనియు, శిస్తు రేటును, ఉద్యోగ నియమమును, న్యాయస్థానపు దూరమును బట్టి అది హెచ్చుననియు తగ్గుననియు మన్రో గ్రహించెను. శిస్తు తగ్గించిన చోట రైతు నిలద్రొక్కుకొనెను. తగ్గింపని కాలమున కూలిపోయెను. అతడు గుర్తింపని కూలివాని స్థితి మాత్రము మారలేదు. పాలకుని దృష్టి పడినవారికి మేలు కలుగును. పడనివారు చీకటిలోనే మిగిలిపోవుదురు. కావుననే పాలించువారు తమకు కనబడు రైతును మాత్రమే గాక, గట్టు దిగువ నిలిచిన కూలివానిని కూడ లెక్కింపవలెను. దత్తమండలముల పొలములను కొలిచిన ఆ కలెక్టరు జీవితము, అతని సుగుణములతోను, లోపములతోను, మనకీ సత్యమునే బోధించుచున్నది.